ఒడి మార్చే పని

ఆయా పని అంటే బిడ్డను ఎత్తుకోవడమే అనుకుంటారు అందరూ. ఎత్తుకోవడం ఎవరికైనా వస్తుంది. దించడమే కష్టం. అది నాకు నారాయణఖేడులో ఎవరూ నేర్పలేదు. నడి సముద్రంలో, ఓడ మీద, తిండి మానేసిన ఒక బిడ్డ దగ్గర నేర్చుకున్నాను.

ఈ మధ్య మన వాడకట్టు పిల్లలు కొందరు బంగ్లాలలో ఆయాలుగా కుదురుతున్నారు. నా దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, దొరల పిల్లలను ఎట్ల చూడాలె? ఏం పెట్టాలె?" అని అడుగుతున్నారు. పాలు ఎట్లా కాచాలో, గుడ్డలు ఎంతసేపు ఉడకబెట్టాలో దొరసానులే చెప్తారు. విసుగు వచ్చేదాకా చెప్తారు. వాళ్ళు చెప్పని సంగతి రాద్దామని కూర్చున్నాను. మిషను బడిలో మూడో పుస్తకం దాకే చదివినా, జరిగినది మరిచిపోయే అలవాటు మాత్రం నాకు లేదు.

మార్తమ్మ చెప్పిన మాట

నాకు పని నేర్పింది మార్తమ్మ. బంగ్లాలో నాకంటే ముందున్న ఆయా. నా పెనిమిటి గత్తర రోగం తగిలి చనిపోయిన ఏడు, పిల్లలు లేని నన్ను తమ్ముడి ఇంట్లో ఎన్నాళ్ళని ఉంచుతారని ఆమెనే పిలిచి పనిలో పెట్టింది. కాళ్ళు చాపుకొని వాటి మీద బిడ్డను బోర్లా పండబెట్టి నీళ్ళు పోయడం, చెవిలో నీళ్ళు పోకుండా అరచెయ్యి అడ్డం పెట్టడం, చెంగుతో బిడ్డను వీపుకు కట్టుకొని రెండు చేతులా పని చేసుకోవడం, అన్నీ ఆమె దగ్గర నేర్చుకున్నవే. మంచి పనిమనిషి. కానీ ఒక్క మాట మాత్రం తప్పు చెప్పింది.

"పోరి నిన్ను ఇడిస్తే నీ పని పాయె. ఇంకొకల దగ్గరికి పోకుంట చూస్కో. అదే ఆయాతనం" అనేది.

మా దగ్గర అందరూ అట్లాగే అనుకునేవాళ్ళు. బిడ్డ తల్లిని చూసి కూడా మొహం తిప్పుకొని ఆయా మెడ కరచుకుంటే, "అబ్బ, ఎంత మచ్చిక చేసుకుందో!" అని మెచ్చుకునేవాళ్ళు. నేనూ ఆ మెప్పు కోసమే పని చేశాను.

ఎల్సీ

పాదిరి దొరకు పుట్టిన బిడ్డ పేరు ఎల్సీ. ఆ పేరు మా నోటికి తిరగక ఎల్లవ్వ అని పిలిచేదాన్ని. దొర నవ్వేవాడు. ఊరూరా తిరిగి వాక్యం చెప్పే ఉపదేశి మాత్రం ఊరుకోలేదు.

"ఏందే రత్నమ్మా, దొర బిడ్డకు ఎల్లమ్మ పేరు పెడితివి! రేపు పోచమ్మ మొక్కు అని బోరంచ గుడికి తోల్కపోతవా ఏంది?"

"తోల్కపోను గని ఉపదేశయ్యా, నీ సంచిల బెల్లం ముక్క ఉంటె ఇయ్యి. పోరి ఏడుస్తుంది."

ఆయన బెల్లం ఇచ్చి పోయాడు. రెండో రోజు నుంచి ఆయన కూడా ఎల్లవ్వ అనే పిలిచాడు.

కానుపు అయినప్పటి నుంచి దొరసానికి జ్వరం పట్టుకుంది. దూరపు దవాఖానలో నెలల తరబడి ఉంచారు. వచ్చేది, కొన్నాళ్ళుండి మళ్ళీ పోయేది. బిడ్డకు తెలిసిన వాసన నాదే, తెలిసిన చెయ్యి నాదే. జొన్నరొట్టె పాలలో పిసికి, వేళ్ళతో ముద్ద చేసి పెడితే తినేది. చెమ్చాతో పెడితే ఉమ్మేసేది. మాటలు వచ్చే వయసుకు అచ్చం మన వాడకట్టు పిల్ల లెక్కనే మాట్లాడింది.

ఒకసారి తమ్ముడి బిడ్డ పెండ్లికని మనూరు పల్లెకు పోయాను. పెండ్లి పందిరి కిందికే బంగ్లా బండి వచ్చింది. బిడ్డ ఏమీ తినడం లేదట, ఒళ్ళు కాలిపోతోందట. ఉన్న చీర మీదనే బండెక్కి వచ్చాను. నన్ను చూసి బిడ్డ రెండు చేతులూ చాపింది. ఎత్తుకున్నాను. మొహం నా మెడలో దాచుకొని, ఎండిన పెదవులతో "ఆయా, బువ్వ" అంది. బంగ్లా అంతా, "ఆయా అంటే రత్నమ్మ! ఇగ ఆమెను ఎటు పంపొద్దు" అంది. నాకు ఛాతీ పొంగింది.

అప్పుడు దొరసాని తలుపు దగ్గర పాలగ్లాసు పట్టుకొని నిలబడి ఉంది. ఆమెను ఎవరూ చూడలేదు. నేను చూశాను. చూసి కూడా ముద్ద నేనే పెట్టాను.

సముద్రం మీద

ఈ ఎండలో దొరసాని బతకదని, విలాయతుకు పంపాలని దాక్టరమ్మ తేల్చి చెప్పింది. దొర చోటికి ఇంకొకరు వచ్చేదాకా ఆయన కదిలే వీలు లేదు. దొరసాని నన్ను పిలిచింది. ఆమె తెలుగు బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు.

"రత్నమ్మా, నీవు మాతో కూడ ఓడ మీద వచ్చెదవా? బిడ్డ నీవు లేక భుజింపదు. మేము చేరిన తరువాత నిన్ను మరల పంపెదము."

తమ్ముడు వద్దన్నాడు. "అక్కా, గా సముద్రంల ఏమన్న అయితె మాకు మన్ను ఏసే భాగ్యం కూడ దొరకది" అన్నాడు. అయినా పోయాను. నేను పోకపోతే ఆ బిడ్డ తినదు. అంతకంటే వేరే ఆలోచన లేకపోయింది.

కప్పు వేసిన కచ్చురం బండిలో జహీరాబాదు, అక్కడి నుంచి రైలులో బొంబాయి, బొంబాయిలో ఓడ. మీలో ఎవరైనా చిన్న బిడ్డతో ఓడ ఎక్కాల్సి వస్తే ఇవి గుర్తు పెట్టుకోండి. సొంటి, వాము ఎక్కువ తీసుకుపోండి. మొదటి రోజులు మనకూ కడుపులో తిప్పుతుంది, అయినా బిడ్డను పట్టుకోవాల్సింది మనమే. మూడో ఏడు నడిచే బిడ్డకు భయం తెలియదు, ఓడ అంచున ఉండే ఇనుప కడ్డీల సందులో తల దూరుస్తుంది. నా చెంగు ఒక కొస బిడ్డ నడుముకు, ఒక కొస నా నడుముకు కట్టుకున్నాను. తెల్ల ఆడవాళ్ళు చూసి, కోతిని ఆడించేవాళ్ళను చూసినట్టు నవ్వారు. నవ్వనీయండి. నవ్వితే బిడ్డ నీళ్ళలో పడదు.

నవ్వులకంటే కష్టమైనది ఒకటి ఉంది. దొరసాని గదిలో పడుకొని లేవలేకపోయింది. ఓడలో పని చేసే ఖలాసీలు ఉర్దూ మాట్లాడతారు, నాకూ వచ్చు, కానీ ఆడమనిషి వాళ్ళ దగ్గర నిలబడి మాట్లాడితే బాగుండదు. ఇంకా ఇద్దరు ముగ్గురు ఆయాలు ఉన్నారు గానీ వాళ్ళు పై తరగతి వాళ్ళ మనుషులు, వాళ్ళ దిక్కు మమ్మల్ని రానివ్వరు. అంత పెద్ద ఓడలో నాతో మాట్లాడే మనిషి ఎల్సీ ఒక్కతే. పొద్దున లేస్తే ఆమెతోనే మాట, పండుకునేదాకా ఆమెతోనే మాట.

"ఆయా, గిన్ని నీళ్ళు ఎవలు పోసిండ్రు?"

"దేవుడు పోసిండు బిడ్డా."

"బిందెతోనా?"

"బిందెతోనే."

"దేవుని చెయ్యి నొయ్యలేదా?"

"నొచ్చింది. అందుకే మన ఊరికి పోసేసరికి అయిపోయినయి."

దానికి కడుపు నిండా నవ్వింది. ఎండిన ఊరి సంగతి ఆ పసిదానికి ఏం తెలుసు, నేను నవ్వానని నవ్వింది. నేను ఆ రోజు మాట్లాడిన మంచి మాట అదొక్కటే.

తోలు కప్పిన గొర్రెపిల్ల

ఏడెను రేవు దాటాక దొరసాని లేచి కూర్చుంది. నన్ను పిలిచి నెమ్మదిగా చెప్పింది. ఓడ దిగిన రోజే మేము విడిపోవాలి. ఆమె తల్లి ఇల్లు చిన్నది, పనిమనిషిని ఉంచుకునే ఇల్లు కాదు. నన్ను ఆయాలుండే ఒక ఇంట్లో దించితే అక్కడి నుంచి తిరుగు ఓడ ఎక్కిస్తారు.

"కాని బిడ్డ నా చేతి అన్నము తినదు. నీవు వెళ్ళిన తరువాత నేనేమి చేయుదును?" అని అడిగింది. మనూరు పెండ్లి నాటి పాలగ్లాసు ఆమె కండ్లలో ఇంకా ఉంది.

ఓడ దాక్టరు, "ఆకలైతే అదే తింటుంది, ఆయాను దూరం పెట్టండి" అన్నాడట. నన్ను కింద, మూటలు పెట్టే చోట కూర్చోమన్నారు. కూర్చున్నాను. పైన బిడ్డ ఏడుపు వినిపిస్తూనే ఉంది. మధ్యాహ్నానికి ఏడుపు సన్నబడింది. సాయంత్రానికి ఆగింది. ఏడుపు వినిపించినంతసేపు కూర్చోగలిగాను. ఆగిన తర్వాత కూర్చోలేకపోయాను. ఎవరు పిలవకున్నా పైకి పోయాను. బిడ్డ గోడ దిక్కు తిరిగి పడుకొని ఉంది. పెదవులు మళ్ళీ ఎండిపోయాయి. పక్కన దొరసాని, చేతిలో చెమ్చా, చల్లారిపోయిన గంజి. నేను నాలుగు ముద్దలు పెట్టి పండబెట్టాను. దొరసాని ఆ నాలుగు ముద్దలూ చూస్తూ కూర్చుంది.

అప్పుడు మా నాయన గుర్తుకొచ్చాడు. ఆయన కల్హేరు దిక్కు ఒక పటేలు గొర్రెల మందకు జీతం ఉండేవాడు. తల్లి చచ్చిన పిల్లను ఇంకో గొర్రె దగ్గరికి రానివ్వదు, కుమ్మి తోస్తుంది. మా నాయన ఏం చేసేవాడంటే, పిల్ల చచ్చిన గొర్రెను చూసి, ఆ చచ్చిన పిల్ల తోలు తీసి ఈ దిక్కులేని పిల్లకు కప్పి కట్టేవాడు. గొర్రె వాసన చూసి, నా పిల్లే అనుకొని పాలిచ్చేది. కొన్నాళ్ళకు తోలు తీసేసినా తోసేది కాదు.

ఈ సంగతి దొరసానికి చెప్పాను.

"దొరసానమ్మా, నా చీర ఒకటి నువ్వు మీద ఏస్కో. ఉతికింది కాదు, నేను కట్టి విడిచింది. బిడ్డ వాసనకు వస్తది."

ఆమె మొహం ఎర్రబడింది. "నేను దాని తల్లిని. తల్లి వేషము వేసికొనవలెనా?" అంది. ఇంగ్లీషులో ఇంకా ఏదో అంది. కోపమో, ఏడుపో తెలియలేదు. చేతిలోని చెమ్చా కింద పెట్టి అడిగింది.

"ఆ తోలు ఎవరిది?"

"చచ్చిన పిల్లది, దొరసానమ్మా."

ఆమె నా దిక్కు చూసింది. ఆ పోలికలో నా చోటు ఏదో ఇద్దరికీ తెలిసిపోయింది.

తెల్లవారి బిడ్డ లేవకముందే దొరసాని నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. "చీర యిమ్ము" అంది. ఆముదం, పాలు, చెమట, అన్నీ కలిసిన నా పాత చీర ఇచ్చాను. గౌను మీదుగా భుజాన కప్పుకొని, ఓడ పైన అందరూ కూర్చునే చోటే కూర్చుంది. పక్క కుర్చీల వాళ్ళు ముక్కు పట్టుకున్నారు. ఒకామె లేచి దూరం పోయింది. మన దగ్గర కొందరు దొరసానులు మనం ముట్టుకున్న తలుపును తాకినా చెయ్యి కడుక్కుంటారు. ఈమె నా విడిచిన చీర కప్పుకొని అందరి ముందు కూర్చుంది. అందుకే ఆమె గురించి ఎవరు ఏమన్నా నేను ఒప్పుకోను.

నేను ఓడకు వేలాడగట్టిన చిన్న పడవ వెనకాల నిలబడ్డాను. ఏం అనాలో ముందే చెప్పి పెట్టాను. అయినా మొదట ఆమె నోటికి పాత మాటే వచ్చింది.

"బిడ్డా, భుజించెదవా?"

ఎల్సీ బిత్తరపోయి చూసింది. పడవ వెనక నేను చేతులు ఊపాను. ఆమె గుర్తు చేసుకుంది.

"ఎల్లవ్వా, బువ్వ తింటవా?"

బిడ్డ చీర వాసన చూసింది. తల ఎత్తి మొహం చూసింది. ఇది ఎవరిదో తేల్చుకుంటున్నట్టు మళ్ళీ చీర చూసింది. దొరసాని ముద్ద చేసే తీరు నేను చూడలేకపోయాను, సగం అన్నం వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. జారగా మిగిలినదే నోటి దగ్గర పెట్టింది. బిడ్డ నోరు తెరిచింది.

కండ్లలో నీళ్ళు నిండి కానరాక, దొరసాని రెండో ముద్ద బిడ్డ ముక్కు దగ్గర పెట్టింది. "గీడ కాదు, నోరు గీడ ఉంది" అని ఎల్సీ చూపించింది.

చేతులు ఖాళీ అయిన రోజులు

ఆ రోజు నుంచి నా పని వెనక్కి తగ్గడం. తలకు ఆముదం మానేసి, ఓడ సబ్బుతో రుద్దుకొని నా వాసన పోగొట్టుకున్నాను. బిడ్డ పరుగెత్తుకొని వచ్చేది, ఒడిలో ముక్కు పెట్టి చూసేది, ఏదో తక్కువైనట్టు నిలబడి, తిరిగి తల్లి దగ్గరికి పోయేది. ఆ నిలబడిన ఘడియ నా ప్రాణం తీసేది. పిలిస్తే వచ్చేది. పిలవలేదు.

తల్లి దగ్గర కూర్చున్న కొద్దీ ఇంగ్లీషు మాటలు నేర్చింది. నాతో తెలుగు మాటలు తగ్గాయి. సూయజు కాలువ దాటాక చలి మొదలైంది. ఒంటె కనిపించినా, ఓడ కనిపించినా తల్లికే చూపించింది. నాకు చూపించడం మరిచింది. మధ్యాహ్నాలు నేను కింద ఊరికే కూర్చునేదాన్ని. చేతులకు పని లేకపోతే అంత బరువుగా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

ఓడ దిగే చోట ఎల్సీ అమ్మమ్మ నిలబడి ఉంది. ముసలామె రొట్టె ముక్క చాపితే బిడ్డ తల్లి భుజం మీది చీరలో మొహం దాచుకుంది. మళ్ళీ మొదటికి వచ్చిందా అనుకున్నాను. నేను మూటల చాటుకు పోయాను. నన్ను చూస్తే నా దిక్కు వస్తుందని భయం. దొరసాని రొట్టె తుంచి, తన చేత్తో పెట్టింది. తిన్నది. ఇంకో ముక్క కోసం తల్లి చేతిని అమ్మమ్మ దిక్కు లాగి, అమ్మమ్మ చేతి నుంచే తిన్నది.

ఒక్కసారి కూడా నాకోసం చుట్టూ చూడలేదు. చూడొద్దనే నేను దాక్కున్నది. అయినా చూస్తుందేమో అని మూటల సందులోంచి నేను చూస్తూనే ఉన్నాను.

దొరసాని బిడ్డను అమ్మమ్మకు ఇచ్చి నా దగ్గరికి వచ్చింది. నా రెండు చేతులు పట్టుకుంది. బైబిలు తెలుగు కాదు, మన ఊరి మాట వచ్చింది ఆమె నోట.

"పోయి రా రత్నమ్మా. పైలం."

"నువ్వు పైలం, తల్లీ" అన్నాను. ఆమెను దొరసానమ్మా అనకుండా పిలిచింది అదొక్కసారే.

ఆయాల ఇల్లు

నన్ను దించిన ఇంట్లో ఎక్కడెక్కడి ఆయాలో ఉన్నారు. మద్రాసు వాళ్ళు, గోవా వాళ్ళు, కలకత్తా వాళ్ళు. ఉర్దూలో ఏదో ఒక తీరుగా మాట్లాడుకునేవాళ్ళం. అన్నాల దగ్గర ఒకే ముచ్చట: ఎవరి బిడ్డ ఎంత ఏడ్చింది.

"నా బాబా బండి చక్రం పట్టుకొని వదల్లేదు" అని ఒకామె. "నా మిస్సీ మెట్ల మీద మూర్ఛపోయింది" అని ఇంకొకామె. ఎవరి బిడ్డ ఎక్కువ ఏడిస్తే వాళ్ళు అంత గొప్ప ఆయాలు. మార్తమ్మ లెక్క సముద్రం దాటినా అదే.

"నీ బిడ్డ?" అని నన్ను అడిగారు.

"ఏడ్వలేదు" అన్నాను.

ఒకామె జాలిపడి నా పళ్ళెంలో ఇంకొంత పప్పు వేసింది. ఏం చెప్పినా వాళ్ళకు అర్థం కాదని తిన్నాను.

మీకు చెప్తున్నాను. బిడ్డ మిమ్మల్ని విడువకపోతే మురవకండి. మీరు పోయిన రోజు ఆ ఏడుపు మీరు వినరు, బిడ్డ ఒక్కతే ఏడుస్తుంది. మొదటి నెల నుంచే తల్లి చేతికి ఒక ముద్ద ఇవ్వండి. తల్లి జ్వరంలో ఉంటే ఆమె పక్కన కూర్చొని పెట్టండి. అట్లా చేస్తే మీకు మెప్పు తక్కువ వస్తుంది. తర్వాత దినాలు ఖాళీగా ఉంటాయి. దానికి మందు ఉందని నేను అబద్ధం చెప్పను.

తిరుగు ఓడలో నాకు బిడ్డ లేదు, పని లేదు. నన్ను పేరు పెట్టి పిలిచిన వాళ్ళు లేరు. బొంబాయి దిగి, రైలెక్కి జహీరాబాదు వచ్చాను. టేషను బయట బండ్లు నిలిపి ఉన్నాయి. ఒక బండివాడు ఎడ్లకు గడ్డి వేస్తూ నన్ను చూసి, "యాడికి పోవాలె అవ్వా?" అన్నాడు.

ఎన్నాళ్ళకో వినిపించిన తెలుగు. నోరు తెరిచాను.

"బండిల జుయ్యిమని పోదాం. ఇంటికి. అంబా కొమ్ములు గుచ్చయి గదా?"

ఎల్సీతో ఆడే మాట నేనే అన్నానా అని నాకే బెదురైంది. బండివాడు గడ్డి చేతిలో పట్టుకొని నన్ను ఎగాదిగా చూసి పకపక నవ్వాడు.

"ఏందవ్వా, చిన్నపోరి తీరు మాట్లాడుతున్నవ్? ఇంత వయసొచ్చింది, పెద్దోళ్ళ మాట రాదా?"

"వస్తది నాయనా" అన్నాను. "మాట్లాడెటోళ్ళు ఉంటె వస్తది."

వాడు నవ్వు ఆపాడు. నా మూట తీసుకొని బండిలో పెట్టాడు. నారాయణఖేడు దాకా, చిన్నగా, ఎడ్ల ధర గురించి, వానల గురించి, పెద్దవాళ్ళ మాటలు మాట్లాడుతూనే ఉన్నాడు.